తోటికోడలి స్లైడ్లు

ఆ ఇంటి పెద్దకోడలు పెళ్ళికి ముందు ఒక ప్రింటింగు షాపులో పనిచేసేది. దుకాణాల బోర్డులు, కరపత్రాలు, పుస్తకాల అట్టలు కంప్యూటర్ మీద తయారుచెయ్యడం ఆమె పని. అక్షరం ఎంత లావుండాలో, ఏ రంగు మీద ఏ రంగు నిలుస్తుందో, ఎక్కడ ఖాళీ వదిలితే చూసేవాడి కన్ను ఆగుతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. మాట మాత్రం తక్కువ. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఇరుగుపొరుగు దగ్గర "మా పెద్దమ్మాయికి నోట్లో నాలుక లేదు" అని మురిసిపోతూ చెప్పుకునేది. చిన్నకొడుక్కి పెళ్ళయ్యాక కూడా ఆ మాట మానలేదు గానీ, అక్కడితో ఆపడం మానేసింది. "చిన్నది అలా కాదు. అది నోరు తెరిస్తే ఇంట్లో పదిమంది ఉన్నట్టుంటుంది" అని కలిపేది.

అత్తగారికి ఒక చెవి సరిగా వినపడదు. చెవి మిషన్ పెట్టుకుని కూడా పెద్దకోడలు చెప్పింది రెండోసారి చెప్పించుకునేది. అదే చిన్నకోడలు మేడ మీద నుంచి పిలిచినా, కూర్చున్నచోటు నుంచే "ఆ, ఏంటే" అని పలికేది. చెవి కూడా మనిషిని చూసి పనిచేస్తుందని పెద్దకోడలికి అప్పుడే తెలిసింది.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరాలన్న ఆలోచన ఆమెదే. ఆ దరఖాస్తు తనే తెచ్చుకుంది, ఫ్రిజ్‌లు బాగుచేసే తన మొగుణ్ణి తనే ఒప్పించుకుంది. ఆ ఇంట్లోకి వచ్చాక తనకంటూ తాను కోరుకున్నది అదొక్కటే. దరఖాస్తు నింపుతుంటే చిన్నకోడలు వచ్చి భుజం మీద గడ్డం ఆనించి చూసి, "నేనూ వస్తానక్కా. నువ్వు వెళ్ళిపోతే ఇంట్లో నాకేం తోస్తుంది" అంది. అత్తగారు వెంటనే "పంపిద్దాం పాపం, ఇద్దరూ తోడుగా ఉంటారు" అంది. అలా ఒకే క్లాసులో, ఒకే బెంచీ మీద పడ్డారు ఇద్దరూ. నెల తిరిగేసరికి క్లాసులో వాళ్ళందరికీ చిన్నకోడలు దోస్తు. పెద్దకోడలు "ఆమె అక్క".

అక్కడ తరగతిలో ప్రసంగించడం ఎలాగో నేర్పే మాస్టారు ఒకాయన ఉండేవాడు. పొడుగ్గా, గడకర్రలా ఉండేవాడు. ఎవరైనా స్లైడ్లు వేసి మాట్లాడుతుంటే చివరి బెంచీలో కూర్చుని కళ్ళజోడు తీసేసి జేబులో పెట్టుకునేవాడు. "కళ్ళజోడు లేకుండా నాకు కనపడిందా, ఉంచండి. కనపడలేదా, తీసెయ్యండి" అనేవాడు. ఒక స్లైడుకి ఒక్క సంగతే చాలు, స్లైడు ఉన్నది మీరు మర్చిపోకుండా ఉండటానికి కాదు, వినేవాళ్ళు గుర్తుపెట్టుకోవడానికి అన్నవి ఆయన రోజూ చెప్పే మాటలు. "మీరు చెప్పేదంతా గోడ మీదే రాసేస్తే ఇక మీరెందుకు? గోడని నిలబెట్టి వెళ్ళిపోండి."

పెద్దకోడలు ఆ మాటలు ఒక్కటీ పోనివ్వకుండా విన్నది. ప్రింటింగు షాపులో చేతికి తెలిసిందాన్ని ఈయన నోటితో చెబుతున్నట్టుంది. చిన్నకోడలు మాత్రం ఆ క్లాసు జరుగుతున్నంతసేపూ పక్క బెంచీ పిల్లతో గుసగుసలాడుతూనే ఉండేది.

మొదటి పరీక్షకి ఎవరికి నచ్చిన విషయం వాళ్ళు చెప్పొచ్చన్నారు. పెద్దకోడలు నీడల గురించి చెప్పింది. నల్లటి స్లైడు మీద ఒక దీపం, ఒక చెయ్యి, గోడ మీద నీడ. దీపం దగ్గరికి జరిగేకొద్దీ నీడ పెరుగుతుంది. మాటలు దాదాపు లేవు. మాస్టారు చివరి బెంచీలో కళ్ళజోడు లేకుండానే తల ఊపాడు. కానీ ఆమె గొంతు మొదటి వరుస దాటి వెళ్ళలేదు. అందరూ గోడ వైపు చూస్తున్నారు, తన వైపు ఒక్కళ్ళూ చూడటం లేదు. అయిపోయాక ఒకమ్మాయి వచ్చి "స్లైడ్లు భలే ఉన్నాయి, ఎవరు చేసిపెట్టారు?" అని అడిగింది. మాస్టారు అన్నది ఇంకా గుచ్చుకుంది. "గోడ చాలా బాగా మాట్లాడిందమ్మా. నువ్వు కూడా కాస్త మాట్లాడితే బాగుండేది."

తర్వాత చిన్నకోడలు లేచింది. స్లైడ్లూ లేవు, చేతిలో కాగితమూ లేదు. ఆవులింత గురించి మొదలుపెట్టింది. మనిషి ఎందుకు ఆవులిస్తాడో, పక్కవాడు ఆవులిస్తే మనకెందుకు వస్తుందో చెబుతూ వాళ్ళ ఆయన మందుల షాపులో కౌంటర్ దగ్గర నిలబడి ఆవులించే తీరు అనుకరించి చూపించింది. ముందు వరుసలో ఒకడు నోరు తెరిచాడు. తర్వాత రెండో వరుస. చివరి బెంచీలో మాస్టారు అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ దాగలేదు. క్లాసంతా ఆవులిస్తూ నవ్వుతోంది. పెద్దకోడలికీ ఆవులింత వచ్చింది. పళ్ళు బిగించి ఆపుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మార్కులు చెప్పినప్పుడు చిన్నకోడలికి తనకంటే ఎక్కువ వచ్చాయి. ఇంటికి వెళ్ళేదారిలో బస్సులో చిన్నకోడలు ఆమె చెయ్యి పట్టుకుని "నీ దీపం భలే ఉందక్కా" అని మనస్ఫూర్తిగానే అంది. పెద్దకోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ పట్టుకున్న చెయ్యి కూడా ఆమెకు బరువుగానే అనిపించింది. తను అడిగి తెచ్చుకున్న ఒక్కదాన్నీ ఈ పిల్ల నవ్వుతూ వచ్చి నవ్వుతూ పట్టుకుపోతోంది. పోనీ, పట్టుకుపోతున్నానని దానికి తెలిసినా బాగుండేది. తెలియదు. దాన్ని తిట్టడానికి వీల్లేదు, అసహ్యించుకోవడానికీ వీల్లేదు. లోపల్లోపలే కుతకుతలాడటం తప్ప దారి లేదు.

చివరి పరీక్ష దగ్గరికొచ్చింది. కళాశాలకి చెందిన బడి ఒకటి పక్కనే ఉంది. దాని పెద్ద మేడమ్ స్వయంగా వచ్చి విని, నచ్చిన ఒకరిని తన బడిలోకి తీసుకుంటుందని చెప్పారు. ఇంటివాళ్ళు కూడా రావచ్చు. ఈసారి స్లైడ్లు తప్పనిసరి. పెద్దకోడలు ఆ మాట వినగానే లోపల చిన్నగా సంతోషించింది. స్లైడ్లు తప్పనిసరి అంటే తన బలం తప్పనిసరి అన్నట్టే.

ఆ సాయంత్రమే చిన్నకోడలు వంటింట్లోకి వచ్చి గట్టు మీద ఎక్కి కూర్చుంది.

"అక్కా, నాకు కూడా చేసిపెట్టవా?"

"నువ్వే చేసుకోవచ్చుగా. నేర్పారుగా."

"నాకేం వచ్చు? నేను చేస్తే చాకలిపద్దులా ఉంటుంది. నీకు ఓ గంట పని."

పక్క గదిలోంచి అత్తగారికి ఇది కూడా వినపడింది. "చేసిపెట్టవే, అది నీ చెల్లెల్లాంటిదే కదా" అంది.

పెద్దకోడలు సరే అంది. ఏం చెబుతావు అని అడిగింది. తేనెటీగలు ఒకదానికొకటి దారి ఎలా చెప్పుకుంటాయో చెబుతానంది చిన్నకోడలు. ఒక తేనెటీగ పువ్వులు చూసి వచ్చి తేనెపట్టు మీద ఎలా ఊగుతుందో, ఎటు తిరిగి ఊగితే సూర్యుడికి ఎటు పక్కకి వెళ్ళాలో, ఎంతసేపు ఊగితే ఎంత దూరమో గట్టు దిగి వంటింటి నేల మీద ఊగుతూ చూపించింది. చేతిలో గరిటె పట్టుకుని నిలబడ్డ పెద్దకోడలు పొయ్యి మీది గిన్నె సంగతి మర్చిపోయి చూసింది. అడుగంటిన వాసన వచ్చేదాకా తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుంది. మొదట చేసింది మంచి స్లైడే. చీకటి రంగు మీద ఒక్క తేనెటీగ, దాని చుట్టూ ఏమీ లేదు. దాన్ని చూస్తుంటే ఆ పక్కన నిలబడి ఊగుతున్న చిన్నకోడలు కళ్ళకు కట్టింది. ఆ గొంతూ, ఈ బొమ్మా ఒకచోట చేరితే ఇంక ఎవరూ కంటికి ఆనరు. దారులు చూపే పటాల గురించి తను చెప్పబోయే పాఠం ఆ పక్కన చప్పగా, నీళ్ళగా ఉంటుంది. పెద్ద మేడమ్ ఎవరిని పిలుస్తుందో అప్పుడే తెలిసిపోయింది. దాని నోరు దానికి చాలదా, నా చెయ్యి కూడా కావాలా అనుకుంది. కడుపులో మంట గొంతు దాకా వచ్చింది.

ఆ స్లైడు తీసేసింది.

తర్వాత చేసిందంతా చాలా శ్రద్ధగా చేసింది. చిన్నకోడలు చెప్పిన ప్రతి మాటా పూసగుచ్చినట్టు గోడ మీదికి ఎక్కించింది. తేనె రంగు నేపథ్యం మీద తెల్లటి అక్షరాలు పెట్టింది. దగ్గర్నుంచి చూస్తే ముచ్చటగా ఉంటుంది, దూరం నుంచి చూస్తే కళ్ళు చికిలించాలి. అక్షరాలు సన్నవి. మీట ఒక్కో నొక్కుకి ఒక్కొక్క వాక్యం వచ్చేలా పెట్టింది, వచ్చేముందు మూలల్లోంచి తేనెటీగలు ఎగురుకుంటూ రావాలి. స్లైడు చుట్టూ పువ్వుల అంచు. ప్రింటింగు షాపులో ఇలాంటిది ఎవరైనా చేసి తెస్తే తను మొహం మీదే తిప్పికొట్టేది. ఏది తప్పో తెలిసినవాళ్ళే తప్పుని ఇంత అందంగా చెయ్యగలరు. ఇందులో ఎవరూ వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. కష్టం కనపడుతుంది, ప్రేమ కనపడుతుంది.

చిన్నకోడలు చూసి నోరు వెళ్ళబెట్టింది.

"ఇంత చేశావా అక్కా నాకోసం?"

"నువ్వు చెప్పాలనుకున్నదంతా ఉంది. మర్చిపోతానన్న భయం ఉండదు. చూసి చదువుకుంటూ పోవడమే."

"చూసి చదవడమా" అంది చిన్నకోడలు. ఒక్క క్షణం ఏదో చెప్పబోయింది. అంతలో నవ్వేసి, "నువ్వు చేశావుగా, చదువుతాను" అంది.

ఆ సాయంత్రం ఆమె ఆ స్లైడ్లు ఇంట్లో అందరికీ చూపించింది. మరిది "వదినా, మా ఆవిడ మీద మీకు ఇంత ప్రేమని తెలియదు" అన్నాడు. అత్తగారు పువ్వుల అంచు మీద వేలు పెట్టి తడిమి, "పెద్దదాని చేతిలో కళ ఉంది" అంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఇంత మెప్పు ఆమెకు ఎప్పుడూ దొరకలేదు. దొరకక దొరకక దీనికి దొరికింది. తల వంచుకుని కంచాలు సర్దింది. క్లాసులో ఒక పిల్ల "రాత మరీ ఎక్కువైందేమో" అంటే చిన్నకోడలు "మా అక్కకి తెలియనిదా" అని దాని నోరు మూయించిందట. ఆ సంగతి కూడా తనే వచ్చి గర్వంగా చెప్పింది.

పరీక్ష రోజు పెద్ద గదిలో కుర్చీలు వేశారు. పెద్ద మేడమ్ మొదటి వరుసలో కూర్చుంది. ఆ వెనక అత్తగారు, కొడుకులిద్దరూ. మాస్టారు ఎప్పటిలా చివరి బెంచీ. చిన్నకోడలి పేరు ముందు పిలిచారు, తర్వాత పెద్దకోడలిది.

చిన్నకోడలు వెళ్ళి నిలబడింది. తెర మీద తేనెటీగలు నాలుగు మూలల నుంచి ఎగిరొచ్చి మొదటి వాక్యాన్ని తెచ్చిపెట్టాయి. ఆమె గోడ వైపు తిరిగింది. వీపు జనం వైపు, మొహం గోడ వైపు.

"తే..." అంది. ఆగింది. "తే... తే... తేనె..."

మైకు పాడైందనుకున్నారు కొందరు. ఒకతను లేచి తీగ కదిపి చూశాడు. అత్తగారు తన చెవి మిషన్ తీసి అరచేతిలో తట్టి మళ్ళీ పెట్టుకుంది. చిన్నకోడలి మెడ నరాలు బిగుసుకున్నాయి. "తేనెటీగలు త... త... తమ..." పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో వాళ్ళని కసిరారు.

పెద్దకోడలు కుర్చీ చెయ్యి పట్టుకుంది. అది చప్పగా చదువుతుందని, జనం ఆవులిస్తారని అనుకుంది. ఆవులింత దాని సొత్తు కదా, అనుభవించనీ అనుకుంది. ఇది ఆమె ఊహించలేదు. ఇలాంటిది ఒకటి ఉందని కూడా ఆమెకు తెలియదు. మొదట గుండెలో ఎక్కడో చల్లగా తగిలిన మాట నిజం. ఆ చల్లదనం ఒక వాక్యం దాకా కూడా నిలవలేదు.

చివరి బెంచీ నుంచి మాస్టారు లేచి నిలబడ్డాడు. "అమ్మా, గోడని వదిలెయ్. మా వైపు తిరుగు. నువ్వెలా చెబుతావో అలా చెప్పు."

చిన్నకోడలు తల తిప్పింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "లేదండీ" అంది, ఆ మాట మాత్రం సాఫీగానే వచ్చింది. "మా అక్క కష్టపడి చేసింది. ఒక్కటీ వదలను."

మళ్ళీ గోడ వైపు తిరిగింది. ఒక్కో నొక్కు నొక్కింది. ఒక్కో వాక్యం ఎగిరొచ్చింది. ప్రతి వాక్యం దగ్గరా పడుతూ, లేస్తూ, అన్ని స్లైడ్లూ చదివింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్ద మేడమ్ చేతిలోని పెన్ను మూతపెట్టి తల దించుకుంది. ఆఖరి వాక్యం అయ్యాక చిన్నకోడలు నమస్కారం పెట్టి వచ్చి కూర్చుంది. పక్కనే. చెయ్యి పట్టుకోలేదు ఈసారి.

పెద్దకోడలిని పిలిచారు. ఆమె వెళ్ళి పటాల గురించి చెప్పింది. ఇంటి నుంచి బడికి దారి ఒక్కో గీతగా వచ్చే స్లైడ్లు. ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. అంతకుముందు విన్నదాని తర్వాత ఎవరు ఏం చెప్పినా సాఫీగానే వినపడుతుంది. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ముళ్ళలా తగిలాయి.

బయట వరండాలో మాస్టారు ఎదురుపడ్డాడు.

"ఆ అమ్మాయి స్లైడ్లు ఎవరు చేశారు?"

"నేనేనండీ."

ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఆమె మొహంలోకి చూశాడు. "అలాగా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. "ఒంట్లో బాగోలేక రానివాళ్ళకి వచ్చేవారం మళ్ళీ పెడుతున్నాం. ఆ అమ్మాయి పేరు కూడా అందులో రాసుకుంటాను. పెద్ద మేడమ్‌తో నేను మాట్లాడతాను. వస్తానంటే రమ్మని చెప్పు" అని వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చాక అత్తగారు చిన్నకోడలి తల నిమురుతూనే ఒక మాట అనేసింది. "భయపడ్డావు, సరే. కానీ అంత కష్టపడి చేసిపెట్టిన దాని శ్రమంతా నేలపాలు చేశావు కదే." చిన్నకోడలు తల ఊపి "నిజమే అత్తయ్యా" అంది. పెద్దకోడలికి ఆ గదిలో నిలబడటం చేతకాలేదు.

చిన్నకోడలు దండెం మీది బట్టలు తీస్తుంటే వెనకే వెళ్ళింది. మాస్టారు అన్న మాట చెప్పింది.

"నేను వెళ్ళనక్కా."

"ఎందుకు?"

చిన్నకోడలు చొక్కా దులిపి మడత పెట్టింది. "నాకు చిన్నప్పుడు నత్తి. మాట పూర్తయ్యేది కాదు. బడిలో చదవమని నిలబెడితే పిల్లలందరూ బల్లలు కొట్టేవాళ్ళు. మా నాన్న రోజూ నాతో మాట్లాడి మాట్లాడి, కథలు చెప్పించి చెప్పించి, పోగొట్టాడు. మనసులోంచి చెబితే నత్తి రాదు. రాసింది చూసి చదివితేనే వస్తుంది. ఇప్పటికీ. మీ మరిదికి కూడా తెలియదు." మరో చొక్కా తీసుకుంది. "నీ స్లైడ్ల తప్పేం లేదు. నేనే ముందు చెప్పాల్సింది. నువ్వంత ప్రేమగా చేస్తే ఎలా చెప్పను? స్నానాల గదిలో తలుపేసుకుని ఎన్నోసార్లు చదువుకున్నాను. వచ్చేస్తుందనుకున్నాను."

ఇక్కడ నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. పెద్దకోడలికి నోరు మూసుకోవడం కొత్త కూడా కాదు.

"ప్రేమతో చెయ్యలేదు" అంది.

చిన్నకోడలు తిరిగి చూసింది.

"నువ్వు గెలవకూడదని చేశాను. అంత రాత పెడితే నీ మాట చచ్చిపోతుందని తెలిసే పెట్టాను. నత్తి సంగతి తెలియదు, ఒట్టు. మిగతాదంతా తెలిసే చేశాను."

"ఎందుకక్కా?"

"నువ్వు మాట్లాడితే అందరూ నిన్నే చూస్తారు. ఇంట్లో అంతే, అక్కడా అంతే. నేను ఓర్చుకోలేకపోయాను."

చిన్నకోడలు ఏడవలేదు, అరవలేదు. మడతపెట్టిన బట్టల్లోంచి తనవీ తన మొగుడివీ వేరు చేసి చంకన పెట్టుకుంది. పెద్దకోడలివి దండెం మీదే వదిలేసింది. మెట్లెక్కుతూ, "రేపట్నుంచి నా వంట నేను వండుకుంటాను" అంది.

అన్నంత పనీ చేసింది. మేడ మీద గదిలో చిన్న పొయ్యి పెట్టుకుంది. అత్తగారికి ఏమీ పాలుపోలేదు. కారణం అడిగితే చిన్నకోడలు "ఊరికే అత్తయ్యా, కొన్నాళ్ళు" అనేది తప్ప అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇల్లంతా పెద్దకోడలినే ఓదార్చింది. అంత చేసిపెడితే ఇదా దాని విశ్వాసం అని మొగుడు కూడా అన్నాడు. ఆమె "అలా అనకండి" అనేది. అలా అన్నందుకు ఇంకా మంచిదైపోయేది. చిన్నకోడలు కావాలనే చెప్పకుండా ఉందో, జాలిపడి ఉందో తెలియలేదు. రెండూ ఒకేలా కాల్చాయి.

మళ్ళీ పరీక్ష దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం చిన్నకోడలు కిందికి దిగి వచ్చి కంప్యూటర్ పక్కన కుర్చీ లాక్కుంది.

"పరీక్షకి వెళ్తున్నాను. మొదలుపెట్టు. నేను చెప్పినట్టు చెయ్యాలి."

పెద్దకోడలు కూర్చుంది.

"రాత వద్దు. ఒక్క అక్షరం కూడా. తేనెటీగ బొమ్మ కూడా వద్దు, తేనెటీగని నేనే అవుతాను. సూర్యుడు ఒకటి, పువ్వు ఒకటి, మధ్యలో పట్టు."

"పట్టుని కిందికి జరిపితే బాగుంటుంది."

"ఎందుకు?"

పెద్దకోడలు తడబడింది. "నువ్వు నిలబడేది తెర పక్కన. పట్టు కింద ఉంటే నీ చెయ్యి దానికి అందుతుంది."

"ఊ. జరుపు."

"ఇక్కడొక నల్ల స్లైడు పెడదాం."

"ఎందుకు?"

"నువ్వు ఊగుతున్నప్పుడు గోడ మీద ఏదైనా ఉంటే వాళ్ళ చూపు అటు పోతుంది. ఏమీ లేకపోతే నీ మీదే ఉంటుంది."

చిన్నకోడలు ఆమె మొహంలోకి చూసింది. ఈ మాటలో ఏమైనా మడత ఉందేమోనని వెతుకుతున్నట్టు చాలాసేపు చూసింది. "పెట్టు" అంది.

అలా ప్రతిదానికీ ఎందుకని అడిగింది. ప్రతిదానికీ పెద్దకోడలు కారణం చెప్పాల్సి వచ్చింది. సూర్యుడి వైపు చూపే బాణం లావు ఎందుకు పెంచాలో, పసుపు పక్కన తెలుపు ఎందుకు పనికిరాదో, ఇంతకుముందు చేసినదాంట్లో ఏది ఎలా చెడగొట్టిందో అన్నీ చెప్పింది. మొదట్లో ముక్కలు ముక్కలుగా చెప్పింది. తర్వాత తర్వాత చేతులు తిప్పుతూ, వేళ్ళతో గాలిలో గీతలు గీస్తూ చెప్పుకుపోయింది. పక్క గదిలోంచి అత్తగారు "ఎవరే అంతలా మాట్లాడుతున్నది?" అని కేకేసింది.

రెండోసారి పరీక్షకి జనం పెద్దగా లేరు. పెద్ద మేడమ్ మాస్టారి మాట కాదనలేక వచ్చినట్టు వాచీ చూసుకుంటూ కూర్చుంది. చిన్నకోడలు గోడ వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. సూర్యుడు వచ్చాడు, పువ్వు వచ్చింది. ఆమె వేలు పట్టు మీద ఆగింది. "ఇప్పుడు నేను పువ్వులు చూసొచ్చాను. మీరంతా నా అక్కాచెల్లెళ్ళు. నోరు లేదు. ఎలా చెప్పను?" అంది. తెర నల్లబడింది. ఆమె ఊగింది. గదిలో ఉన్న ఆ కాసినిమందీ మెడలు చాచారు. "ఎటు వెళ్ళాలో చెప్పండి" అని ఆమె అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తి చూపించింది పెద్ద మేడమే. కిటికీ వైపు. సరైన దిక్కే.

పెద్దకోడలు తలుపు పక్కన నిలబడి చూసింది. తను చెప్పిన నల్ల స్లైడు మీద, తను జరిపించిన పట్టు పక్కన, ఆ పిల్ల వెలిగిపోతోంది. అసూయ పోయిందని అనుకుంది ఇన్నాళ్ళూ. పోలేదు. అదే మంట, అదే చోట. చప్పట్లు కొట్టేటప్పుడు అరచేతులు మండేలా కొట్టింది, ఆ మంటకి ఈ మంట సరిపోతుందేమోనని.

బడిలో ఉద్యోగం చిన్నకోడలికి వచ్చింది. ఆ కబురు విన్న రోజున అత్తగారు వీధి గుమ్మంలో నిలబడి దారినపోయే వాళ్ళందరికీ చెప్పింది. పెద్దకోడలు వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఒక్కొక్కరికి చెప్పిన ప్రతిసారీ వింది. తర్వాత కొన్నాళ్ళకి మాస్టారు ఆమెను పిలిచి, కొత్తగా చేరినవాళ్ళకి స్లైడ్ల పాఠం నువ్వే చెప్పాలన్నాడు. నేనా, నా గొంతు ఎవరికి వినపడుతుందండీ అంది. "కావలసినవాళ్ళు ముందు బెంచీల్లోకి వచ్చి కూర్చుంటారు" అన్నాడాయన. మొదటిరోజు ఎవరూ ముందుకి రాలేదు. ఆమె కంప్యూటర్లో రెండు స్లైడ్లు పక్కపక్కన పెట్టింది. ఒకటి మంచిది. ఒకటి తేనె రంగు నేపథ్యం మీద తెల్లటి సన్నక్షరాలు, చుట్టూ పువ్వుల అంచు. "ఇది ఎందుకు చెడ్డదో నాకు బాగా తెలుసు, దగ్గరికి రండి చెబుతాను" అంది. వచ్చారు.

మేడ మీది పొయ్యి కొన్ని నెలలకి కిందికి దిగింది. అది ఎలా దిగిందో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒకరోజు అత్తగారికి జ్వరం వస్తే ఇద్దరూ కలిసి వండారు, మర్నాడూ కలిసే వండారు, అంతే. చిన్నకోడలు మళ్ళీ గట్టు ఎక్కి కూర్చుని బడి కబుర్లు చెబుతోంది. నవ్విస్తోంది. అక్కా అనే పిలుస్తోంది.

బడిలో పాఠాలకి ఇప్పుడు స్లైడ్లు తనే చేసుకుంటుంది. ముందే చెప్పినట్టు నిజంగానే చాకలిపద్దుల్లా ఉంటాయవి. చేసుకుని కిందికి తెచ్చి, "చూడక్కా, ఎక్కడ దిద్దాలో" అంటుంది. మునుపైతే అప్పజెప్పి వెళ్ళిపోయేది. ఇప్పుడు వెళ్ళదు. దిద్దుతున్నంతసేపూ వెనకే నిలబడి, తెర మీది నుంచి చూపు తిప్పకుండా చూస్తుంది. పెద్దకోడలు దానికి నొచ్చుకోదు. పక్కకి జరిగి, ఆ పిల్లకి కూడా కనపడేలా కంప్యూటర్ కాస్త తిప్పి పెడుతుంది.